వంట నలభై నిమిషాలు, వడ్డన మూడు గంటలు

నెల్లూరు నుంచి ఒక టీచరమ్మ రాశారు. పేరు వేయొద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి సారాంశం ఇస్తున్నాను.

ఆమె బుచ్చిరెడ్డిపాళెంలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతారు. స్టడీ అవర్ కూడా ముగించుకుని బస్సు దిగి ఇల్లు చేరేసరికి ఆరున్నర. ఇంట్లో ఐదుగురు. అత్తగారికి డెబ్బై దాటాయి. మామగారు పోయాక కాశీకి వెళ్లి అక్కడ వంకాయ వదిలేశారు, తిరిగొచ్చాక నీచు కూడా మానేశారు. శనివారం ఎర్రగడ్డ, తెల్లగడ్డ ముట్టరు. కట్టుడు పళ్లు కాబట్టి గట్టివి నమలలేరు. ఏడున్నరకల్లా తినేసి నడుం వాల్చాలి. భర్తకు హార్డ్‌వేర్ షాపు. నిరుడు షుగర్ బయటపడింది, మూడు నెలల సగటు పరీక్షలో 8.2 వచ్చింది. "రాత్రి అన్నం తగ్గించండి" అన్నారట డాక్టరు. ఆనాటి నుంచి ఆయనకు చపాతీలు. షాపు కట్టేసి తొమ్మిదింబావుకి వస్తారు, అప్పుడు పెనం మీద నుంచి వేడిగా కంచంలో పడాలి. ఆదివారం చేపల పులుసు తప్పదు.

కూతురు పదో తరగతి. ఈ మధ్య చికెన్, చేప మానేసింది, అన్నం తింటే లావవుతానంటుంది. గుడ్డు తెల్లసొన, కీరా ముక్కలు తప్ప ఏదీ వద్దంటుంది. ట్యూషన్ నుంచి వచ్చేది ఎనిమిదింబావుకి. కొడుక్కి ఏడేళ్లు. వాడు తినేవి పెరుగన్నం, ఉర్లగడ్డ వేపుడు, దోశ, ఆమ్లెట్. పచ్చగా ఏది కనిపించినా కంచం అవతలికి తోసేస్తాడు. చేతిలో ఫోన్ పెట్టి, ముద్దలు కలిపి పెడితే ఎనిమిది నుంచి ఎనిమిదిన్నర దాకా ఒక రకంగా అవుతుంది.

ఆమె మాటల్లోనే కొంత: "ఏం చేయమంటారు అంటే ఏదో ఒకటి చేయి అంటారు. ఆ ఏదో ఒకటి చేశాక, ఇదా అంటారు. మా ఆయన గొడవ చేసే మనిషి కాదు. మౌనంగా లేచిపోతాడు, అది ఇంకా బాధ. అత్తయ్య మంచివారే. కూరగాయలు తరిగిపెడతానంటారు, కానీ ముక్కలు పెద్దపెద్దవి తరుగుతారు, అందుకే నేనే వచ్చి చేసుకుంటాను. పాపం ఆరింటికే పిల్లాడికి ఆకలని పాలు, బిస్కెట్లు పెడతారు. నేను వంటింట్లోంచి బయటపడేసరికి పది. అందరికీ సరిపోయేవి, త్వరగా అయ్యేవి నాలుగు వంటలు చెప్పండి. ఒకే కూర చేసి ఇదే తినండి అంటే నేను చెడ్డదాన్నవుతానా? మా ఆడపడుచు అయితే ఉద్యోగం మానేయమంటోంది. అదే మంచిదా?"

అమ్మా,

మీరడిగిన వంటలు చెబుతాను, కానీ ముందు ఇంకొకటి చూపించాలి. మీ ఉత్తరంలో ఉన్న వేళలన్నీ ఒక కాగితం మీద వరసగా వేసి చూశాను. ఆరింటికి పిల్లాడి బిస్కెట్లు. ఏడున్నరకి అత్తగారి భోజనం. ఎనిమిదింటికి పిల్లాడి ముద్దలు. ఎనిమిదింబావుకి అమ్మాయి తెల్లసొన. తొమ్మిదింబావుకి మీ వారి చపాతీలు. మీ భోజనం ఎప్పుడో మీరు రాయలేదు. ఆయన తిన్నాక అని అనుకుంటున్నాను. అంటే ఆరున్నర నుంచి పదింటి దాకా మీ స్టవ్ చల్లారడమే లేదు. నిజానికి మీ వంట నలభై నిమిషాల పని. మిమ్మల్ని నిలబెడుతున్నది మూడు గంటల వడ్డన. నేను ఎంత చప్పున అయ్యే కూర చెప్పినా, దాన్ని నాలుగుసార్లు వేడిచేసి నాలుగుసార్లు పెడుతుంటే మీకు పదే అవుతుంది. కాబట్టి కూరల కంటే ముందు వేళలు తగ్గాలి.

రెండోది, ఇంట్లో వాళ్ల 'వద్దు'లన్నిటినీ మీరు ఒకే బరువుతో మోస్తున్నారు. అవి ఒకటి కావు. మీ వారి షుగర్ జబ్బు. అక్కడ బేరాల్లేవు. అత్తగారిది మొక్కు. మనకు నమ్మకం ఉన్నా లేకపోయినా ఆ వయసులో ఆమె వదిలేసినదాన్ని గౌరవించాల్సిందే. పైగా అదేం కష్టమైనది కాదు, వంకాయ ఒక్కటి పక్కన పెడితే నెల్లూరు మార్కెట్లో కూరగాయలకు కరువా? పిల్లాడిది అలవాటు. అమ్మాయిది ఈడు, కొంత భయం. ఈ రెండింటికీ విడిగా వండాల్సిన అవసరం లేదు. మీరు చెడ్డవారవుతారా అని అడిగారు కదా, జబ్బుకీ మొక్కుకీ చోటిచ్చి అలవాటుకి ఇవ్వకపోతే ఎవరూ చెడ్డవారు కారు.

ముందు చపాతీల సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే మీ రాత్రిని ఎక్కువగా తినేస్తున్నవి అవే. రాత్రిపూట అన్నం బదులు చపాతీ తింటే షుగర్ దిగుతుందన్న నమ్మకం మన ప్రాంతంలో బాగా పాతుకుపోయింది. లెక్కల టీచరు కాబట్టి లెక్కే చెబుతాను. వంద గ్రాముల బియ్యంలో పిండిపదార్థం సుమారు 78 గ్రాములు, గోధుమ పిండిలో 64, రాగుల్లో 67. తేడా ఉంది కానీ మీరనుకున్నంత లేదు. రెండు పుల్కాలు తిన్నా, చిన్న గిన్నెడు అన్నం తిన్నా ఇంచుమించు ఒకటే. అన్నం మానేసి నాలుగు చపాతీలు ఉర్లగడ్డ కూరతో తింటే మాత్రం షుగర్ తగ్గదు సరికదా, పెరగొచ్చు. రాగి సంగటి కూడా అంతే, ముద్ద పెద్దదైతే రాగులు కాపాడవు. డాక్టరు చెప్పిన మాట "అన్నం తగ్గించండి" అని. దాన్ని "చపాతీ పెట్టండి"గా మార్చుకున్నది మనం.

మరి ఏం పెట్టాలి? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో రోజు మొత్తం తిండిలో దాదాపు సగం కంచం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లే. ఆయన కంచం కూడా అలాగే సర్దండి: సగం కూర, పావు వంతు పప్పో గుడ్డో చేపో, మిగతా పావు అన్నం. ఇంకో చిట్కా ఖర్చు లేనిది. ముందు కూర, పప్పు కాస్త తిని అన్నం తర్వాత కలుపుకుంటే, తిన్న తర్వాత షుగర్ పెరగడం తక్కువగా ఉంటుందని పరిశోధనల్లో తేలింది. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే ఒకరోజు చపాతీ తిన్నాక, ఇంకోరోజు ఇలా సర్దిన కంచం తిన్నాక, భోజనం మొదలుపెట్టిన రెండు గంటలకు చూసుకోమనండి. మీరూ నేనూ చెప్పేదానికంటే ఆ అంకె చెబితేనే ఆయన వింటారు. ఒక్క హెచ్చరిక. కొన్ని షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు ఉన్నట్టుండి అన్నం బాగా తగ్గించినా, పూట మానేసినా షుగర్ మరీ పడిపోయి చెమటలు, వణుకు వస్తాయి. అందుకని ఈ మార్పు డాక్టరుకు చెప్పే చేయండి, ఆయన వేసుకునే మాత్రల పేరు చూపించి అడగండి.

డాక్టరు సరేనంటే రాత్రి తొమ్మిదింబావుకి పీట, కర్ర తీసే పని మీకు తప్పుతుంది. అందరికీ వండిన అన్నం, పప్పు, కూరే ఆయనకూ. తేడా కొలతలో ఉంటుంది.

ఇప్పుడు వంటలు. నాలుగు రకాలు చేయకండి. ఒకటే మొదలుపెట్టి, మధ్యలో ఒకచోట ఆపి ఒక గిన్నెలోకి తీయండి. పప్పు తీసుకోండి. కందిపప్పు కుక్కర్లో ఉడకగానే రెండు గరిటెలు తీసి పక్కన పెట్టండి. అది ముద్దపప్పు. నెయ్యి వేస్తే అత్తగారికి మెత్తగా, పిల్లాడికి పచ్చరంగు లేకుండా సరిపోతుంది. మిగిలిన దాంట్లో తోటకూరో గోంగూరో మామిడికాయో పడుతుంది. తెల్లగడ్డ తాలింపు చివర్లో చిన్న మూకుట్లో వేసి, ఎవరికి కావాలంటే వాళ్ల పప్పు మీద పోయండి. శనివారం ఆ మూకుడు తీయకుండా, అందరికీ ఇంగువ తాలింపు పెట్టేయండి. ఒక్కరోజు తెల్లగడ్డ లేకపోతే ఇంట్లో ఎవరికీ ఏమీ కాదు.

ఆదివారం చేపల పులుసు కూడా ఇలాగే. నెల్లూరు వాళ్లకి పులుసు నేర్పేంత ధైర్యం నాకు లేదు, ఒక్క మాట చెబుతాను. ఎర్రగడ్డలు వేగి, టమాటా మగ్గి, చింతపండు పులుసు పోసి, కారం, మెంతిపొడి పడి, నూనె పైకి తేలేదాకా అందులో నీచు లేదు. సరిగ్గా అప్పుడు, చేప ముక్క పడక ముందే, సగం పులుసు వేరే దబరలోకి తీయండి. అందులో బెండకాయలో ములక్కాడలో వేసి ఇంకో పొయ్యి మీద పెడితే అత్తగారికీ అమ్మాయికీ పులుసు తయారు. పెద్ద చట్టిలో బొచ్చె ముక్కలు, పుల్ల మామిడికాయ ముక్కలు పడతాయి. ఇక గరిటె పెట్టకుండా చట్టి రెండు పక్కలా పట్టుకుని ఒకసారి తిప్పితే చాలు. మొక్కున్న ఇల్లు కాబట్టి కూరగాయల దబర, దాని గరిటె నీచు తగలనివిగా విడిగా ఉంచండి. స్టీలు గరిటె పిడికి దారం ముక్క కట్టినా సరిపోతుంది. చేపల పులుసు మర్నాటికే రుచని మీకు తెలుసు. గట్టి మూత డబ్బాలో ఫ్రిజ్‌లో పెడితే సోమవారం రాత్రి మీ వారికి అదే కూర, మీకు ఒక పని తక్కువ.

ఇక టిఫిన్ రాత్రులు. దోశ పిండి ఉంటే నిశ్చింత అనుకుంటాం కానీ, దోశ ఒక్కొక్కటిగా పోయాలి. పిల్లాడికి కరకరలాడేది, అత్తగారికి మెత్తటిది, ఆయనకు ఎర్రకారం రాసింది అంటూ మీరు గంటసేపు పెనం ముందే. పని ఉన్న రోజు ఇడ్లీ మేలు. నాలుగు ప్లేట్ల పాత్రలో పదహారు ఒకేసారి దిగుతాయి, ఒకే పావుగంట. అత్తగారి పళ్లకు ఇబ్బంది లేదు. పెద్దవాళ్లకు పక్కన ఎర్రకారం, చెనిక్కాయల పచ్చడి. మీ వారికి రెండు ఇడ్లీలు, గిన్నె నిండా ములక్కాడల సాంబారు. దోశను ఎవరికి వాళ్లు పోసుకునే రాత్రికి ఉంచండి. పదో తరగతి పిల్ల దోశ పోసుకోగలదు, హార్డ్‌వేర్ షాపు నడిపే మనిషి కూడా పోసుకోగలడు. మొదటి రెండు పెనానికి అతుక్కుంటాయి, అతుక్కోనివ్వండి. పెసరట్టు కూడా మీ ఇంటికి బాగా కుదురుతుంది. పొద్దున స్కూలుకి వెళ్లేముందు పెసలు నానేస్తే సాయంత్రానికి రుబ్బుకోవడమే, పులియాల్సిన పనిలేదు. షుగర్ ఉన్నవాళ్లకి బియ్యప్పిండి దోశ కంటే మంచిది.

పిల్లాడి దగ్గరికి వద్దాం. ఏడేళ్ల వాడు ఆరింటికి గ్లాసెడు పాలు తాగి, అరడజను బిస్కెట్లు తిని, ఎనిమిదింటికి ఆకలిగా ఉండమంటే ఎక్కడుంటాడు? ఆకలి లేని పిల్లాడికి కాకరకాయ చేదే, కంద చేదే, మీరు చేసిన ఉర్లగడ్డ వేపుడొక్కటే గొంతు దిగుతుంది. ఆ చిరుతిండి మానిపించక్కర్లేదు, వాడు బడి నుంచి రాగానే నాలుగున్నరకి జరపండి. బిస్కెట్ల బదులు అరటిపండో, చెనిక్కాయల ఉండో, ఉడికించిన శెనగలో. ఆ తర్వాత మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు.

ఇది అత్తగారికి చెప్పే తీరులో ఉంది కీలకమంతా. "వాడికి బిస్కెట్లు పెట్టొద్దు" అంటే ఆమె చెయ్యి పట్టుకుని ఆపినట్టుంటుంది. "అత్తయ్యా, సాయంత్రం వాడి తిండి మీకే అప్పజెబుతున్నా, నాలుగున్నరకి ఇది పెట్టండి, ఏడున్నరకి మీతో పాటు అన్నానికి కూర్చోబెట్టుకోండి" అనండి. మనవడు పక్కన కూర్చుని తింటానంటే ఏ నాయనమ్మా కాదనదు. వాడు కూడా ఫోన్ చూస్తూ అమ్మ చేత్తో తినే ముద్ద కంటే, నాయనమ్మ కంచంలోది అడిగి తినే ముద్ద ఇష్టంగా తింటాడు.

పిల్లల తిండి మీద చాలాకాలం పనిచేసిన అమెరికా ఆహార నిపుణురాలు ఎలిన్ సాటర్ ఒక పని విభజన చెప్పింది. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది పెద్దల వంతు. అందులో ఏది తినాలి, ఎంత తినాలి అన్నది పిల్లల వంతు. మీ ఇంట్లో ఇది తారుమారైంది. ఏం వండాలో వాడు చెబుతున్నాడు, ఎంత తినాలో మీరు చెబుతున్నారు. కంచంలో వాడు తినేది ఒకటి తప్పకుండా ఉండాలి, పెరుగన్నమో ముద్దపప్పో. దాని పక్కన ఇంట్లో అందరూ తినే కూర ఒక చెంచాడు. తినమని అడగొద్దు, తింటే ఐస్‌క్రీమ్ అని ఆశ పెట్టొద్దు, వదిలేస్తే తిట్టొద్దు. కొత్త రుచికి పిల్లలు అలవాటు పడాలంటే పది పదిహేనుసార్లు ఎదురుపడాలి. మనం మూడోసారికే "వీడికి పడదు" అని రాసేసుకుంటాం. మొదటి వారం రెండు మూడు రాత్రులు వాడు పెరుగన్నంతో లేస్తాడు. మీకు ప్రాణం కొట్టుకుంటుంది, మీ వారు ఉర్లగడ్డ వేయించి పెట్టమంటారు. అప్పుడు లొంగితే మళ్లీ మొదటికి వస్తుంది. బరువు తగ్గుతున్నా, మింగలేక వాంతి చేసుకుంటున్నా, తినేవాటి జాబితా నెలనెలా ఇంకా కుదించుకుపోతున్నా మాత్రం ఇది మొండితనం కాదు. పిల్లల డాక్టరుకు చూపించండి.

అమ్మాయి గురించి మీరు రెండు వాక్యాలు రాశారు. నాకు పిల్లాడి కంటే ఆమె మీదే ఎక్కువ ధ్యాస. చికెన్ మానడం సమస్య కాదు, మన ఊళ్లలో పప్పు, పెరుగు, గుడ్డుతో బతికిన వాళ్లు లేరా? అన్నం, పచ్చసొన, నూనె అన్నీ ఒకేసారి వదిలేయడం సమస్య. గుడ్డులోని మాంసకృత్తుల్లో నలభై శాతానికి పైగా, ఇనుములో దాదాపు అంతా ఉండేది ఆమె పారేసే పచ్చసొనలోనే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తం తక్కువగా ఉన్నవాళ్లే. అందులోనూ ఇది పదో తరగతి సంవత్సరం. "లావవుతావని ఎవరన్నారు?" అని నిలదీయకండి, జవాబు రాదు. "అన్నం గిన్నెడు చాలు, పప్పు ఎక్కువ వేసుకో, గుడ్డు మొత్తం తిను, తోటకూర మీద నిమ్మకాయ పిండుకో" అంటే ఆమె కోరుకున్న తగ్గింపులాగే వినిపిస్తుంది, కంచం మాత్రం నిండుగా ఉంటుంది. ఎలాగూ అన్నం విషయంలో నాన్నకీ ఆమెకీ ఒకే కొలత కాబట్టి, ఆ గిన్నె కొలిచే పని ఆమెకే ఇవ్వండి. నెలసరి తప్పుతున్నా, తిన్నాక చాలాసేపు బాత్‌రూమ్‌లో ఉంటున్నా, అద్దం ముందు ఏడుస్తున్నా తిండి మాటలు కట్టిపెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

అత్తగారి ముక్కల సంగతి కూడా అనాలి. కోపగించుకోకండి. ఆమె తరుగుతానన్నారు, మీరు వద్దన్నారు. బీరకాయ ముక్క పెద్దదైతే రెండు నిమిషాలు ఎక్కువ ఉడుకుతుంది, అంతే. మీరు ఇంటికి వచ్చేసరికి కూరగాయలు తరిగి, బియ్యం కడిగి, కందిపప్పు నానేసి ఉంటే కుక్కర్ ఎక్కించడమే మీ పని. ఏడుంబావుకి పప్పు, అన్నం, కూర బల్ల మీద ఉంటాయి. ముక్కల సైజు మీద మాట వదులుకుంటే రోజుకో అరగంట మిగులుతుంది. వదులుకోలేనంటే అదీ మీ ఇష్టమే, అప్పుడు ఆ అరగంట మీ ఖాతాలోనే ఉంటుంది.

ఇప్పుడు వేళలు. మీ ముందు రెండు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి, ఏడున్నరకి అత్తగారు, పిల్లాడు, మీరు కలిసి తినేయడం. మీరు కూడా అప్పుడే. ఎనిమిదింటికి స్టవ్ తుడిచి దీపం తీసేయండి. అమ్మాయి వచ్చాక తనే వడ్డించుకుంటుంది, మీ వారు వచ్చాక తనే వేడిచేసుకుంటారు. మీకు రెండు గంటలు దొరుకుతాయి. నష్టం ఏమిటంటే భార్యాభర్తలు కలిసి తినడం పోతుంది. కొన్ని ఇళ్లల్లో ఇద్దరూ నాలుగు మాటలు మాట్లాడుకునేది ఆ కంచాల దగ్గరే. మీ ఇల్లూ అలాంటిదైతే ఆయన తింటున్నప్పుడు మజ్జిగ గ్లాసుతో పక్కన కూర్చోండి, వడ్డించడానికి మాత్రం లేవకండి. మొదట్లో ఆయన కూర ఎక్కడుందని అడుగుతారు. కూర్చున్న చోటు నుంచే చెప్పండి.

రెండోది, ఎనిమిదింబావుకి అందరూ ఒకేసారి. దీనికి మీ వారు గంట ముందు రావాలి. రాత్రి ఎనిమిది దాటాక మేకులు, పైపులు కొనేవాళ్లు ఎంతమంది ఉంటారో ఆయన్నే అడగండి. కుదిరితే ఆయన షుగర్‌కీ మంచిదే, తొమ్మిదిన్నరకి తిని పదింటికి పడుకోవడం కంటే. అత్తగారు ఒక ముప్పావుగంట ఆగాలి, ఆమెకు ఆరున్నరకి ఏదైనా మెత్తటిది కావాలి. ఈ దారిలో అందరూ కొంచెం కొంచెం ఇబ్బంది పడతారు, మొదటి దారిలో ఆయన ఒక్కరే పడతారు. నాకు మొదటిదే మీ ఇంట్లో నిలుస్తుందనిపిస్తోంది. కానీ మీ వారిని నేను చూడలేదు. ఏది ఎంచుకున్నా, ఆయన వచ్చేదాకా ఖాళీ కడుపుతో షాపులో ఉండకుండా ఏడింటికి గుప్పెడు గుగ్గిళ్లు తినేలా డబ్బా కట్టివ్వండి. లేకపోతే సందు చివరి పునుగుల బండి ఆ పని చేస్తుంది.

"ఏదో ఒకటి చేయి" అనే మాటకు మందు ఒకటే. ఆదివారం రాత్రి అందరూ ఉన్నప్పుడు గోడ మీద కేలండర్లో వారం కూరలు రాయించండి. ఒక్కొక్కరికి ఒక్కో రాత్రి. పిల్లాడు తన రాత్రికి ఉర్లగడ్డ వేపుడు అంటాడు, అమ్మాయి నూడుల్స్ అనొచ్చు, రాయనివ్వండి. ఎవరి రాత్రి వాళ్లది కాబట్టి మిగతా రాత్రులు నోరు మెదపరాదు. మీ వారు రాయనంటే ఆయన రాత్రి మీరు రాసేయండి. "ఇదా?" అన్నప్పుడు కేలండర్ చూపించడం తప్ప వాదన అక్కర్లేదు.

కర్రీ పాయింట్ మాట మీరు ఎత్తలేదు, బహుశా పరువు అనుకున్నారేమో. వారానికి ఒకసారి అన్నం ఇంట్లో వండుకుని కూర బయట నుంచి తెచ్చుకుంటే తప్పేం లేదు. నూనె, ఉప్పు ఎక్కువే ఉంటాయి కాబట్టి అంతకు మించొద్దు. చాలాచోట్ల అక్కడే చికెనూ వండుతారు, అత్తగారికి మాత్రం ఆ రోజు ఇంటి ముద్దపప్పే. వంటమనిషిని పెట్టుకోవాలంటే జీతం ఒక్కటే చూసుకోకండి. ఆరున్నరకి వచ్చి ఏడున్నరకి వెళ్లే మనిషి దొరకాలి, శనివారం నియమాలు గుర్తుండాలి, వేళలు మారకపోతే ఆమె వెళ్లాక వడ్డన మళ్లీ మీదే.

వండినవి అంతసేపు బయట ఉంటాయి కాబట్టి ఒక జాగ్రత్త. మన నెల్లూరు ఎండలకి అన్నం, పప్పు గంటకు మించి గట్టు మీద ఉంచొద్దు. మొదటి పంక్తి లేవగానే మిగతావాళ్లవి చిన్న డబ్బాల్లో సర్ది ఫ్రిజ్‌లో పెట్టండి. తినేముందు ఎవరిది వాళ్లు బాగా పొగలొచ్చేలా ఒక్కసారి వేడిచేసుకోవాలి. చద్దన్నం చేసుకునే ఉద్దేశం ఉంటే మిగిలిన అన్నం ఆ రాత్రే ఫ్రిజ్‌లోకి వెళ్లి, పొద్దున మజ్జిగ కలవాలి.

అన్నీ ఒకే వారంలో మొదలుపెట్టకండి, ఇంట్లో యుద్ధం వస్తుంది. ముందు బిస్కెట్ల వేళ మార్చండి, తరగడం అత్తగారికి ఇవ్వండి. ఈ రెండూ ఎవరితోనూ పేచీ లేనివి. తర్వాత డాక్టరుని అడిగి చపాతీలు. ఆఖరున మీ వారి వడ్డన, ఎందుకంటే అన్నిటికంటే కష్టమైనది అదే.

ఉద్యోగం గురించి మీ ఆడపడుచు సలహా ఇప్పుడే తీసుకోవద్దు. మీ జీతం ఇంటికి ఎంత అవసరమో, ఆ స్కూల్లో మీకు ఎంత తృప్తో నాకు తెలియదు. ఆ లెక్క వేరు, అది వేయాల్సింది మీరూ మీ వారూ. కానీ రాత్రి వంట కోసమే మానేయాలనుకుంటే వేసవి సెలవుల దాకా ఆగండి. అప్పుడు మీరు పగలంతా ఇంట్లోనే ఉంటారు. అప్పటికి వేళలేవీ మారకుండా, సెలవుల్లో కూడా రాత్రి పదింటికి మీరు పెనం ముందే నిలబడి ఉంటే, ఆ స్కూలు మానేసినా మీకు కలిసొచ్చేది ఒక్క బస్సు చార్జీయే.